తెలుగులో వివరించడమైనది

4 జూలై 1966, సోమవారం

హైదరాబాదు నుంచి పుస్తకం రెండో సగం వచ్చింది. గనులు అమెరికాను ఎలా కట్టాయో చెప్పే పుస్తకం. దాన్ని తెలుగు చేసే పని నాది. మెదక్‌లో ఒక హైస్కూలు సోషల్ మాస్టారి ఇంగ్లీషు హైదరాబాదు సంపాదకుడి కంట పడటం చిన్న సంగతి కాదు. "మీ వాక్యం నీళ్లలా పారుతుంది పేతురు గారూ" అని రాశాడు. ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడుసార్లు.

పుస్తకం బాగుంది. పెన్సిల్వేనియా కొండల కింద బొగ్గు. సుపీరియర్ సరస్సు దాపున, ఎర్రమట్టి తవ్వినట్టు తవ్వి తీసే ఇనుప ఖనిజం. ఖనిజం ఓడలెక్కి దిగువకు వస్తుంది, తిరిగి వెళ్లే ఓడల్లో బొగ్గు పైకి వెళుతుంది. రెండూ కలిసిన చోట కొలిమి. కొలిమిలోంచి రైలు పట్టా. ఆ పట్టా మీద మళ్లీ బొగ్గు. యాభై ఏళ్లలో ఒక రైతుల దేశం లోకంలో అందరికన్నా ఎక్కువ ఉక్కు పోసే దేశమైంది. ఇవాళ తొమ్మిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు.

మా ఆవిడ నవోమికే నచ్చలేదు. "మీ తమ్ముడు బొగ్గుబాయిల పోయి అయిదు నెలలు గాలె. మీకు గిదే పుస్తకం దొరికిందా?" అంది.

పని పనే. మోషే పోయినప్పుడు నేను ఏడవలేదా? ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

9 జూలై

గనిలో నెత్తిమీద ఉండే బండను ఇంగ్లీషులో రూఫ్ అంటారు. నిఘంటువులో 'ఇంటి కప్పు' అని ఉంది. గంటసేపు వెతికాను. చివరికి మోషే మాటే గుర్తొచ్చింది. పోయినేడు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అన్నాడు: "పైకప్పు మాట్లాడుతది అన్నా. టిక్కుటిక్కుమంటది. గప్పుడు కింద దుంగలు నిలవెట్టాలె. దుంగలు లేకుంటే బయటికి ఉరుకాలె."

'పైకప్పు' అని రాశాను.

17 జూలై, ఆదివారం

మోషే భార్య ఎలిశిబా ఆరాధనకు వచ్చింది. మోషే పోయాక పాపన్నపేటలో తల్లి యేసమ్మ దగ్గరే ఉంటోంది, నాట్లకు కూలికి వెళుతోంది. గని పైభాగంలో బొగ్గు ఏరే ఆడవాళ్లలో తననూ పెట్టుకొమ్మని దరఖాస్తు పెట్టించాను కదా, దాని జవాబు నా చిరునామాకే వచ్చింది. ఇంగ్లీషులో. ఇవ్వలేమన్నారు.

"ఎందుకంట బావా?"

"ఖాళీ లేదంట."

అదే రాశారు, ఇంచుమించు.

ఆమె లేవలేదు. "ఊర్ల ఏమంటుండ్రో ఎరుకేనా? మోషే తాగి బాయిల దిగిండంట. ఆయన తప్పుతోనే ఆయన సచ్చిండంట. ఆఫీసోళ్లే అన్నరంట. ఆ దినం నేను సంతకం వెట్టిన కాగితంల ఏమున్నది బావా?"

"చెప్పిన గద."

"మల్లొకసారి చెప్పుండ్రి."

"మోషే పోయినట్టు రాసిండ్రు."

వాన వచ్చేలా ఉందని తొందరగా బస్సెక్కించాను. వాన రాలేదు.

20 జూలై

రెండు వందల పన్నెండో పేజీ.

బొగ్గు ఎన్ని కోట్ల టన్నులో చెప్పడానికి పదకొండు పేజీలు. గనుల యజమానుల భవనాల ఫోటోలు నాలుగు. ఒక భవనంలో ఎన్ని గదులో కూడా రాశారు. చచ్చిపోయిన వాళ్లకు ఒక్క వాక్యం. ఇదీ: "గని ప్రమాదాల్లో అత్యధిక భాగానికి కారణం, హెచ్చరికల భాష అర్థంకాని కొత్త కూలీల అజాగ్రత్త."

అజాగ్రత్త! చివర చిన్న అచ్చులో పట్టిక ఉంది, చూశాను. 1907వ సంవత్సరం ఒక్కదానిలోనే అమెరికా బొగ్గుగనుల్లో మూడు వేల రెండు వందల మందికి పైగా పోయారు. ఆ డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలో, మోనంగా అనే ఊళ్లో, ఒక్క ఉదయాన మూడు వందల అరవై రెండు మంది. ఇటలీ నుంచి వచ్చినవాళ్లు, పోలండు నుంచి వచ్చినవాళ్లు. మూడు వందల అరవై రెండు మంది ఒకే గంటలో అజాగ్రత్తగా ఉన్నారా? అందరికీ ఒకేసారి భాష రాకుండా పోయిందా?

వాళ్ల ఒంటి మీదుగా పట్టాలు వేసుకున్నారు, వంతెనలు కట్టుకున్నారు, అరవై గదుల ఇళ్లు కట్టుకున్నారు. తప్పు మాత్రం చచ్చినవాడి నెత్తిన పెట్టారు. ఎందుకంటే వాడు లేచి వచ్చి కాదనడు. దొరికిన బొగ్గు కంపెనీది, పడ్డ బండ కూలివాడిది! ఎవడు రాశాడీ వాక్యం? వాడెప్పుడైనా గనిలో దిగాడా? వాడి తమ్ముడు దిగాడా?

ఈ వాక్యం నేను తెలుగు చేయను.

21 జూలై

సంపాదకుడికి ఉత్తరం రాశాను. ఆ వాక్యం అబద్ధమని, పుస్తకం వెనకున్న పట్టికే అందుకు సాక్ష్యమని, తీసేయమని. మూడు పేజీలైంది. కోపం తగ్గలేదు. తగ్గకపోవడమే మంచిది.

30 జూలై

జవాబు వచ్చింది. "అనువాదకుడు కిటికీ అద్దం వంటివాడు. అవతల ఉన్నది ఇవతలికి కనిపించాలి, అద్దం కనిపించకూడదు. దయచేసి ఉన్నది ఉన్నట్టు చేయండి."

అద్దమట. మనిషిని పట్టుకొని అద్దమంటాడు. ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. నవోమి బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"పది దినాల సంది గిదే లొల్లి. ఇంతకు మీ కోపం ఎవరి మీద?"

"పుస్తకం మీద."

"పుస్తకం మీదనేనా?"

ఈవిడకు చరిత్ర అర్థం కాదు.

7 ఆగస్టు, ఆదివారం

చర్చి మెట్లు దిగుతుంటే ఒక మనిషి దండం పెట్టాడు. ఐలయ్య. ఎల్దుర్తి అతను, మోషేతో కలిసి ఒకే జట్టులో బొగ్గు నింపినవాడు. సెలవు మీద వచ్చాడట. ఆరు నెలల నుంచి నన్ను కలవాలనుకుంటున్నాడట. ఇంటికి తీసుకొచ్చాను. అతను చెప్పింది మరచిపోకముందే రాస్తున్నాను.

"పొద్దుగాల్నుంచే పైకప్పు టిక్కుటిక్కుమంటుండె సారూ. దుంగలు నాలుగు దినాల సంది వస్తలేవు. మోషే పోయి మా పని సూసే సర్దారుకు చెప్పిండు. గా సర్దారేమన్నడు? 'దుంగలు రేపొస్తయి, ఈ బొగ్గు ఇయ్యాలే పోవాలె. చేతగాకుంటే ఇంటికి పోండ్రి' అన్నడు. మల్ల పోయి చెప్పిండు. మల్ల గదే మాట. గప్పుడు మోషే నన్ను, ఇంకొకాయనను పిల్చి, 'బొగ్గు తీసేసిన పాత గల్లీల రెండు దుంగలు వడ్డయి, పోయి తెచ్చుకోండ్రి, అందాంక నేను గీ బొగ్గు డబ్బా ఎనకకు నూకుత' అన్నడు. మేం దుంగ మోసుకొస్తనే ఉన్నం సారూ. చప్పుడైంది. దీపం ఆరింది."

"తాగిండా?"

ఐలయ్య నా ముఖంలోకి చూశాడు. "మోషేనా? ఆయన ఎన్నడు తాగిండు సారూ? మీకెరుక లేదా?"

ఎరుకే.

"మరి నువ్వు ఆఫీసుల చెప్పలేదా ఐలయ్యా?"

"చెప్తనని పోయిన సారూ. దుంగలు రాలేదని చెప్త, రాసుకోండ్రి అన్న. గా ఆఫీసరు నవ్విండు. 'ఇంటోళ్లే ఒప్పుకున్నంక నీ సాక్ష్యం ఎందుకురా? పెండ్లాం సంతకం వెట్టింది. సొంత అన్న, సదువుకున్న మాస్టరు, ఆయన గూడ వెట్టిండు' అన్నడు. నేను నమ్మలె. మీరెందుకు వెడుతరు సారూ? గది అడుగుదామనే వచ్చిన."

చాయ్ తాగించి పంపాను.

8 ఆగస్టు

రాయడానికి ఏమీ లేదు.

10 ఆగస్టు

పుస్తకం ముట్టలేదు.

12 ఆగస్టు, శుక్రవారం

రాస్తాను. ఇది ఎవరూ చూడరు, ఇక్కడ కూడా రాయకపోతే నేనెక్కడికి పోను?

ఫిబ్రవరి ఎనిమిది. గని ఆఫీసు. నాకు కుర్చీ వేశారు, ఎలిశిబా వరండాలో నేల మీద కూర్చుంది. ఆఫీసరు నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. నేనూ ఇంగ్లీషులోనే మాట్లాడాను. "ఇంత శుద్ధమైన ఇంగ్లీషు ఎక్కడ నేర్చారు?" అన్నాడు. మిషన్ బడిలో అన్నాను. కప్పూసాసరులో చాయ్ తెప్పించాడు. నా తమ్ముడు పక్క షెడ్డులో గోనెపట్టా కింద ఉన్నాడు, నేను చాయ్ తాగాను. నా ఇంగ్లీషును మెచ్చుకుంటే నాకు సంతోషం కలిగింది. కలిగింది. రాశాను.

తర్వాత కాగితం ఇచ్చాడు. పదకొండు పంక్తులు. చదివాను. అర్థం కాలేదని ఎవరికీ చెప్పలేను, ప్రతి మాటా అర్థమైంది. "ఇది మామూలు తంతు మాస్టారూ. సంతకాలైతే శవం వెంటనే ఇస్తాం. కాదంటే విచారణ, రెండు మూడు రోజులు పడుతుంది. ఎండలు చూస్తున్నారు కదా" అన్నాడు.

నేను వరండాలోకి వచ్చి ఎలిశిబాతో చెప్పాను: "మోషే పోయినట్టు కాగితం. సంతకం వెట్టు, ఇంటికి తీస్కపోదం."

"అంతేనా బావా?"

"అంతే."

ఆమె తెలుగులో, గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసింది. కింద నేను సంతకం పెట్టాను. ఏ వాక్యం కింద పెట్టానో ఇప్పుడు రాయలేను.

శవం కోసమే చేశానని ఆరు నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అబద్ధం. ఆ కుర్చీలోంచి లేచి "ఇది తప్పు" అనడానికి నాకు సిగ్గేసింది. అంత మర్యాద చేసినవాణ్ని ఎలా కాదంటాం? అంతే కారణం. అమెరికాలో ఎవడో అరవై ఏళ్ల కిందటి మాటకు రాసిన వాక్యం మీద మూడు పేజీల ఉత్తరం రాసిన శూరుణ్ని నేను. అమెరికా దూరం. దూరంగా ఉన్నవాడిని తిట్టడం ఎంత హాయి!

ఇంకొకటి. జూలైలో వచ్చిన జవాబులో ఖాళీ లేదని రాయలేదు. "మృతుని అజాగ్రత్త రుజువైనందున" అని రాశారు.

14 ఆగస్టు, ఆదివారం

ఆరాధనకు పోలేదు. పాపన్నపేట పోయాను. ఎలిశిబా మడిలో నాటు వేస్తోంది. గట్టు మీద నిలబడి పిలిచాను.

"మడి అయినంక వస్త బావా. అక్క మంచిగున్నదా?"

ఎదురుచూశాను. వచ్చి కాలువలో చేతులు కడుక్కుంటుంటే చెప్పాను. అంతా చెప్పాను. ఆమె మళ్లీ మళ్లీ అవే చేతులు కడుక్కుంది.

"మోషే తప్పని రాసిండ్రా?"

"ఔ."

"నేను ఒప్పుకున్ననని?"

"ఔ."

"మీరు సదివిండ్రు."

"సదివిన."

"సదివి, నాతోని అంతే అన్నరు."

నేను ఎండ గురించి, శవం గురించి ఏదో మొదలుపెట్టాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"నన్ను ఒక్క మాట అడిగుంటే! మూడు దినాలైనా గా షెడ్డు ముంగట కూసుందును. వాసనొచ్చినా కూసుందును. నా మొగడు గద. గా కాగితం మీద నా పేరు రాయకపోదును." గొంతు పెంచలేదు. మడిలో ఉన్న ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. "మీరు అమెరికా పుస్తకం తెలుగు జేస్తుండ్రంట. అక్క చెప్పింది. నూర్ల పేజీలంట. గంత పెద్ద పుస్తకం ఎవరికో చేసిచ్చెటోనికి, నా ఒక్క కాగితం చేసెతందుకు తీరలేదా? నాకు తెలుగు సదువొస్తది. నాలుగో తరగతి దాక సదివిన. గది మీకెరుక."

"ఎరుకే."

"గట్లయితె రాసియ్యుండ్రి. మాటకు మాట. మీరు మంచిగ కనవడెతట్టు ఏం మార్చకుండ్రి సారూ."

సారూ అంది. బావా అనలేదు.

16 ఆగస్టు

పదకొండు పంక్తులు. నిన్న జెండా వందనం నుంచి వచ్చి కూర్చున్నాను, ఈ సాయంత్రానికి పూర్తయింది. రెండు వందల పేజీలు నీళ్లలా పారించిన వాడికి పదకొండు పంక్తులకు రెండు రోజులు. కాగితం నకలు నా పెట్టెలో అడుగున, సర్టిఫికెట్ల కింద ఉంది. ఎక్కడ దాచానో నాకు ఎప్పుడూ తెలుసు.

చివరి మూడు పంక్తులు ఇక్కడా రాస్తున్నాను: "మృతుడు సూచనలను లెక్కచేయక, స్వంత అజాగ్రత్త వల్ల మరణించినాడు. పై విషయం మృతుని భార్యకు తెలుగులో వివరించడమైనది. ఆమె అర్థం చేసుకొని, ఒప్పుకొని సంతకం చేసినది."

దాని కింద ఉన్నది నా సంతకం. వివరించింది నేను.

20 ఆగస్టు, శనివారం

ఎలిశిబా ఐలయ్యను వెంటబెట్టుకొని వచ్చింది. నా తర్జుమా తీసుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. 'అజాగ్రత్త' దగ్గర ఆగింది. వెనక్కి పోయి మళ్లీ చదివింది. నవోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఇంకొకటి రాయుండ్రి. నాకు వివరించలేదని. ఇంగ్లీషుల రాసి, కింద మీ సంతకం వెట్టుండ్రి."

"గనులు తనిఖీ చేసే సర్కారు ఆఫీసరుకు పంపాలె సారూ" అన్నాడు ఐలయ్య. "నా సాక్ష్యం గూడ రాయుండ్రి. నౌకరి నాది గూడ పోతే పోతది."

దొంగ సాక్ష్యం సంతకం చేశానని ఒక మాస్టారు తనంతట తాను రాసిస్తే బడి కమిటీ ఊరుకోదు. వచ్చే ఏడు హెడ్మాస్టరు కావలసినవాణ్ని. ఆ మాట అననే అన్నాను, సిగ్గు లేకుండా.

నవోమి అంది: "రాయుండ్రి. నౌకరి పోతే నేను దవాఖానల పని అడుగుత. గిన్ని దినాల సంది ఇంట్ల మీ మొఖం సూడలేక సస్తున్న."

రాశాను.

11 సెప్టెంబరు

పుస్తకం సంగతి కూడా తేలిపోయింది. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే తెలుగు చేసి, కింద పట్టికలోని అంకెలు ఇచ్చి, ఇంతమంది చావును ఈ ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయమని చిన్న వివరణ రాసి పంపాను. అది తీసేస్తే నా పేరు కూడా తీసేయమన్నాను. రెండూ తీసేశారు. మిగతా అధ్యాయాలు ఎవరికో ఇచ్చారట. ఆ వాక్యం మాత్రం అచ్చవుతుంది. రేపు ఏ లైబ్రరీలోనో కూర్చొని ఎవరో చదువుతారు, నమ్ముతారు కూడా.

బడి కమిటీ సంజాయిషీ అడిగింది. హెడ్మాస్టరు పదవి లేదని మోమాటం లేకుండా చెప్పారు. నౌకరి ఉంచారు. వాళ్ల మీద కోపం లేదు. అది నాకు తగినదే.

12 అక్టోబరు, బుధవారం

విచారణ. రెండు బస్సులు, ఒక రైలు. దారంతా ఎలిశిబా ఐలయ్యతో మాట్లాడింది, నాతో కాదు.

తనిఖీ అధికారికి తెలుగు రాదు. పక్కన అదే గని ఆఫీసరు. నన్ను చూసి, ఏమీ జరగనట్టు చెయ్యి చాపాడు. "మాస్టారు ఉన్నారుగా, ఆమె చెప్పేది ఆయనే ఇంగ్లీషు చేస్తారు" అన్నాడు.

ఎలిశిబాకు ఆ మాట ఎలా అర్థమైందో! లేచి నిలబడింది.

"ఈయన వద్దు. ఒకసారి ఈయన చెప్పిండు, సాలు. తెలుగొచ్చిన ఇంకో సారును పిలువుండ్రి. అందాంక నేను ఈన్నే నిలవడుత."

నా చెవులు మండాయి. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? పోస్టు మాస్టరును పిలిపించేసరికి గంటన్నర పట్టింది. ఆమె కూర్చోలేదు. నన్ను బయటికి పంపారు. కిటికీలోంచి ఆమె మాటలు వినిపించాయి: మోషే ఏనాడూ తాగలేదని, తనకెవ్వరూ ఏమీ వివరించలేదని, ఒప్పుకున్నానని రాసినవాళ్లు తన ముఖం చూసి ఆ మాట అనాలని. తర్వాత ఐలయ్య. ఒకే మాట నాలుగు సార్లు చెప్పించారు. నాలుగు సార్లూ ఒకేలా చెప్పాడు: దుంగలు రాలేదు, రెండుసార్లు చెప్పాం, పొమ్మన్నారు.

చివరికి నన్ను పిలిచి, ఆ సంతకం నాదేనా అని అడిగారు. నాదే అన్నాను. వివరించారా అన్నారు. లేదు అన్నాను. "ఎందుకు?" అని అడిగాడు తనిఖీ అధికారి.

4 డిసెంబరు, ఆదివారం

తీర్పు ఎలిశిబా చిరునామాకే వచ్చింది. ఇంగ్లీషు కాగితం, దానికి కుట్టి తెలుగు ప్రతి కూడా. పట్టుబట్టి అడిగిందట. ఆరాధన అయ్యాక మా ఇంటికి తెచ్చి, నవోమి ముందు కూర్చొని తనే చదివింది.

మోషే తప్పేమీ లేదు. 'అజాగ్రత్త' అన్న మాట కొట్టివేయబడింది. గని పైభాగంలో ఆమెకు పని ఇవ్వాలి. సంక్రాంతి దాటాక చేరాలి.

నవోమి ఏడ్చింది. నేను కుర్చీ పట్టుకొని నిలబడ్డాను. ఎలిశిబా మాత్రం కాగితం మీంచి తల ఎత్తలేదు. వేలు ఒక వాక్యం మీద ఆనించింది.

"గీడ సూడుండ్రి. 'దుంగలు సకాలంలో అందించబడనందున పైకప్పు కూలినది.' అందించబడనందున అంటే ఏంది సారూ? ఎవరు అందియ్యలే?"

చూశాను. ఇంగ్లీషులోనూ అంతే ఉంది. తర్జుమాలో తప్పు లేదు. దుంగలు వాటంతటవే రాలేదు, బండ దానంతటదే పడింది. ఎవడి పేరూ లేదు. అమెరికా అయితేనేం, ఇక్కడైతేనేం, చచ్చినవాడిది తప్పైతే పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు అన్నీ రాస్తారు. చంపినవాడి దగ్గరికి వచ్చేసరికి వాక్యంలో మనిషే ఉండడు!

"ఎవరో రాయలేదు ఎలిశిబా."

"రెండుసార్లు పోయి చెప్తే పొమ్మన్నోనికి పేరు లేదా?"

"ఉన్నది."

"గట్లయితె కాగితం తియ్యుండ్రి. ఇంకో దరఖాస్తు రాద్దం. నేను తెలుగుల చెప్త, మీరు తెలుగులనే రాయుండ్రి. రాసినంక నేను సదువుత. సదివినంకనే సంతకం."

కాగితం తీశాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సర్దారు పేరు, వాడి మీది ఆఫీసరు పేరు, దుంగలు రాని నాలుగు రోజుల తేదీలు. ఒక్క మాట మార్చకుండా రాశాను.